సబ్బుల ఫ్యాక్టరీ కూడలిలో దారి ఎవరిది

బోర్డులక్క అంటే రోడ్ల ఆఫీసులో తెలియనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళ కిందట డబ్బాల్లో ఎరుపు రంగు కలిపే పనికి చేరింది. గోళ్ళ సందుల్లో ఆ ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదని తనే చూపించి నవ్వుతుంది. రంగు కలపడం నుంచి అక్షరాలు దిద్దడానికి, అక్కడినుంచి గుంతలు తవ్వి పైపులు నిలబెట్టడానికి వచ్చి, చివరికి ఒక వ్యానుకూ ఒక రిజిస్టరుకూ పెద్దయింది. ఊళ్ళో 'ఆగుము' అనే ప్రతి ఎర్ర పలకా ఆమె చేతిమీదుగా వెళ్ళిందే. బస్సులో పోతూ ఎక్కడైనా వంగిపోయిన బోర్డు కనిపిస్తే, "అయ్యో, దీన్ని ఏ వెధవ గుద్దాడో!" అని పైకే అనేస్తుంది. పక్క సీటువాళ్ళు ఉలిక్కిపడి కొంచెం దూరం జరుగుతారు.

ఆమె పనిలో ఒక్కటే పెద్ద సూత్రం. ముందు పెట్టాలి, తరవాత తియ్యాలి. రెండు రోడ్లు కలిసే చోట ఒక రోడ్డు ఆగాలి, ఒక రోడ్డు సాగాలి. ఆగే రోడ్డును సాగే రోడ్డుగా మార్చమని పైనుంచి ఆర్డరు వస్తే, ముందు రెండో రోడ్డుకు ఆగుము బోర్డు పెట్టాలి. కొన్నాళ్ళు నాలుగువైపులా ఆగుతారు. హారన్లు కొడతారు, తిట్టుకుంటారు, ఎవరికీ ఏమీ కాదు. ఆ తరవాతే పాత బోర్డు విప్పాలి. ఈ వరస తిరగబడిందా, రెండు రోడ్లవాళ్ళూ దారి తమదేననుకుంటూ వచ్చేస్తారు. ఇద్దరూ రూలు ప్రకారమే వస్తారు, ఇద్దరూ రూలు ప్రకారమే గుద్దుకుంటారు. పనిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాడి చేతా ఆమె ఈ సంగతి ఎక్కాల్లాగా అప్పజెప్పించుకునేది. అలాంటి మనిషి ఆ రోజు తన చేతులతో తనే ఆ వరస తప్పింది.

ఎందుకు తప్పిందో చెప్పాలంటే కూతురి సంగతి చెప్పాలి.

కూతురికి ఇరవై మూడు. రక్తపరీక్షల ల్యాబులో నమూనాలు తీసుకొచ్చే వ్యాను నడిపే ఉద్యోగం దాదాపు చేతికొచ్చింది. సోమవారానికల్లా లైసెన్సు చూపించాలి, అంతే. ఆ అంతే దగ్గరే చిక్కు. రెండుసార్లు పరీక్షకు వెళ్ళి రెండుసార్లూ తప్పింది. బండి నడపడం రాక కాదు, భయంతో. దారి తనదే అయినా ప్రతి మలుపులోనూ ఆపేసేది. వెనక బండ్లవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పడేట్టు మోగించేవాళ్ళు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద రెండుసార్లూ ఒకే ముక్క రాశాడు: 'అనవసరంగా ఆగుతోంది.'

అది చదివి బోర్డులక్కకు ఒళ్ళు మండింది. నా కడుపున పుట్టి ఆగాల్సిన చోటేదో, సాగాల్సిన చోటేదో తెలియకపోవడమేమిటి అనుకుంది. ఆ రోజునుంచి సాయంత్రం పని దిగగానే కూతుర్ని స్కూటరు వెనక ఎక్కించుకుని ఊరంతా తిప్పింది. ప్రతి కూడలి దగ్గరా ఆపి చెప్పేది.

"ఇక్కడ మనదే దారి. అటునుంచొచ్చేవాడికి బోర్డుంది, నేనే పెట్టాను. వాడే ఆగుతాడు."

"ఆగకపోతే?"

"ఆగుతాడే! ఆరు బోల్టులు బిగించాను దానికి. దారి మనదైనప్పుడు వెనకాడకు. తలెత్తుకుని వెళ్ళిపో."

నెల తిరిగేసరికి పిల్లకు ఊరంతా నోటికొచ్చేసింది. వంటింట్లో పళ్ళాలు కడుగుతూ తల్లి 'ఆస్పత్రి మలుపు' అంటే చాలు, కూతురు 'మనం ఆగాలి' అనేది. 'సబ్బుల ఫ్యాక్టరీ' అంటే 'దారి మనదే' అనేది. తల్లి మురిసిపోయేది. అంత మురిసిపోవలసిన విషయం కాదని ఆమెకు అప్పటికి తెలియదు.

పరీక్షరోజు పొద్దున్నే ఆఫీసుకు వెళితే సూపర్‌వైజరు ఆర్డరు కాగితం చేతిలో పెట్టాడు. సబ్బుల ఫ్యాక్టరీ రోడ్డును కొత్త హైవేతో కలిపారు. మధ్యాహ్నం పన్నెండుకు తెరుస్తారు. కాబట్టి ఇకనుంచి ఫ్యాక్టరీ రోడ్డు సాగాలి, దాన్ని అడ్డంగా దాటే పాత రోడ్డు ఆగాలి.

"ఇది శుక్రవారం పని కదా సార్?"

"ఇవాళే తెరుస్తున్నారు. పెద్దవాళ్ళు వస్తున్నారు. కొత్త బోర్డులు రాలేదు. ఫ్యాక్టరీ రోడ్డువి రెండున్నాయి కదా, అవే విప్పి పాత రోడ్డుకు బిగించెయ్యండి."

"ముందు తీసి తరవాత పెట్టమంటారా?" ఆమె గొంతు పెరిగింది.

"పదింటికి ట్రాఫిక్ పోలీసు వచ్చి రోడ్డు మూస్తాడమ్మా. అతను వచ్చాకే చెయ్యండి."

సరే, పోలీసు ఉంటే పరవాలేదు. కూతురికి ఫోను చేసి చెబుదామా అని ఒక్క క్షణం అనుకుంది. ఇంటి గుమ్మం దాటేటప్పుడే పిల్ల ముఖం పాలిపోయి ఉంది. పరీక్షకు గంటముందు కొత్త సంగతి చెప్పి గందరగోళపెట్టడం ఎందుకులే అని ఊరుకుంది. ఆమె చేసిన మొదటి తప్పు అదే.

సబ్బుల ఫ్యాక్టరీ కూడలి చూడటానికి మామూలుగానే ఉంటుంది. పాత రోడ్డు వంతెన వైపునుంచి వచ్చి బస్టాండుకు పోతుంది. ఫ్యాక్టరీ రోడ్డు గేటు దగ్గర ఎత్తుమీద మొదలై కిందికి దిగుతుంది. గొడవంతా మూలనున్న ఫ్యాక్టరీ గోడతోనే. తలకన్నా ఎత్తు. వంతెన వైపునుంచి వచ్చేవాడికి ఆ గోడ దాటేవరకూ ఎత్తుమీదనుంచి దిగే బండి కనిపించదు. దిగేవాడికి వీడూ కనిపించడు. ఆ గోడకు జవాబుగానే పన్నెండేళ్ళ కిందట అక్కడ ఆమె బోర్డులు పెట్టింది.

పదయింది. పోలీసు రాలేదు. పదీ పది, పదీ పావు. పదిన్నరకు లైసెన్సు పరీక్షలు మొదలు. ముగిసేసరికి లైసెన్సు ఆఫీసు గేటు దగ్గర ఉంటానని మాటిచ్చింది. ఆమె చూపు రోడ్డుమీదకన్నా గడియారం మీదే ఎక్కువుంది.

"పావుగంట పని. కానిచ్చేద్దాం" అంది.

వ్యాను నడిపే తోటి పనివాడు తల గోక్కున్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా ఆమెతోనే పనిచేస్తున్నాడు. మాటా, నడకా, తిండీ అన్నీ నెమ్మదే కాబట్టి ఆఫీసులో అతనికి నిదానం అని పేరుపడిపోయింది. "పోలీసు రానీ అక్కా. ముందు పెట్టాలి, తరవాత తియ్యాలని నువ్వే కదా..."

"నాకు చెబుతున్నావా? నీకు నిదానం అని పేరు ఊరికే పెట్టలేదు. కటింగ్ మిషను దించు!"

పాపం, అతను దించాడు. అలా అన్నందుకు ఆమె తరవాత ఎన్నోసార్లు నొచ్చుకుంది.

బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. కోసేశారు. పది నిమిషాల్లో రెండు బోర్డులూ కిందికి దిగాయి. వాటిని మోసుకుంటూ పాత రోడ్డుకు వచ్చి, కాంట్రాక్టరు పోయినవారం పాతి వెళ్ళిన పైపులకు ఆనించి చూశారు. క్లాంపు పైపు చుట్టూ రావడంలేదు. ఇంకోవైపు కూడా అంతే. కాంట్రాక్టరు మహానుభావుడు లావు పైపులు పాతేశాడు.

"అక్కా, ఇది పట్టదు. పెద్ద క్లాంపులు కావాలి. స్టోరులో ఉన్నాయి" అన్నాడు నిదానం.

"పరుగెత్తు! నేనిక్కడ చూసుకుంటా!"

జీవితంలో మొదటిసారి అతను పరుగెత్తాడు. వ్యాను మలుపు తిరిగి మాయమయ్యాక ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. క్లాంపుల కొలతకు పనికొస్తాయని కాబోలు, రెండు బోర్డులూ వ్యానులోనే వేసుకుపోయాడు. కనీసం పాత స్తంభాలకు తీగతోనైనా కట్టి నిలబెట్టే వీలు లేకుండాపోయింది. ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. నిదానం బండి నడుపుతూ ఫోనెత్తడు. మామూలు రోజుల్లో అది ఎంతో మంచి గుణం.

ఇప్పుడు ఆ కూడలిలో ఎవరికీ బోర్డు లేదు. నాలుగువైపులనుంచీ జనం ఎవరి నమ్మకంతో వాళ్ళు వచ్చేస్తున్నారు. ఆమె దగ్గర ఉన్నవి రోడ్డుకు అడ్డంపెట్టే మూడు ప్లాస్టిక్ టోపీలు, ఒంటిమీద రేడియం పట్టీల జాకెట్టు, కర్రకు బిగించిన ఒక చేతిబోర్డు. దానికి ఒకవైపు ఎర్రగా 'ఆగుము', రెండోవైపు పసుపుమీద 'నిదానము'. బోర్డుకు ముఖాలు రెండే. రోడ్లు నాలుగు.

ట్రాఫిక్ స్టేషనుకు ఫోను చేసింది. "బయల్దేరాడమ్మా, దారిలోనే ఉన్నాడు" అన్నారు. దారిలో ఉన్నవాడు ఏ దారిలో ఉన్నాడో వాళ్ళకూ తెలిసినట్టు లేదు.

టోపీలు మూడూ ఎత్తువైపు రోడ్డుమీద పెట్టి, తను గోడ అంచుకు ఎదురుగా, రెండు రోడ్లూ కనిపించేచోట నడిరోడ్డుమీద నిలబడింది. ఎత్తునుంచి కారొస్తే బోర్డు అటు తిప్పి, పాత రోడ్డువాళ్ళకు చెయ్యి ఊపింది. అటువాళ్ళు ఆగాక ఇటు తిప్పింది. చెమట కంట్లోకి కారుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీలేదు. మోటారుసైకిలు మీదున్న ఒకడు ఆగి నవ్వుతూ అడిగాడు.

"అక్కా, బోర్డే లేకపోతే ఎవరు ముందెళ్ళాలి?"

"బుద్ధున్నవాడు తరవాత వెళ్ళాలి! కదులు!"

ఒక రొట్టెల వ్యాను ఆమె చెయ్యి చూసుకోకుండా దూసుకొచ్చి, చివరి క్షణంలో పక్కకు కోసుకుపోయింది. అద్దం ఆమె మోచేతికి తగిలింది. పై ప్రాణాలు పైనే పోయాయి. దేవుడా, ఒక్కళ్ళకూ ఏమీ కాకుండా ఈ పావుగంట గడిపించు, ఇంకెప్పుడూ తొందరపడను అని లోపల్లోపల అనుకుంది. తను తీసిన బోర్డువల్ల ఇక్కడ ఎవరికైనా ఏమైనా అయితే ఇంటికెళ్ళి పిల్ల ముఖం ఎలా చూస్తానా అని కూడా అనుకుంది.

అప్పుడే వంతెన వైపునుంచి తెల్ల కారు వచ్చింది. పైన ఎర్ర అక్షరంతో ఎల్ బోర్డు. లైసెన్సు ఆఫీసువాళ్ళ పరీక్ష కారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక నడివయసాయన ముక్కు అద్దానికి ఆనేంత ముందుకు వంగి నడుపుతున్నాడు. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు, ఒళ్ళో కాగితాలు.

ఆమె గబగబా లెక్క చూసుకుంది. పరీక్షకు మూడు దార్లున్నాయి. పిల్లకు మొదటిసారి మొదటిది ఇచ్చారు, రెండోసారి రెండోది. వంతెన మీదుగా ఇటొచ్చేది మూడోది. ఒక రోజున ఒకే దారిలో అందర్నీ తిప్పుతారు. అంటే ఇవాళ అందరికీ ఇదే. ఈ కళ్ళజోడాయన మొదటివాడు. కూతురిది రెండో నంబరని పొద్దున్న కాగితంలో తనే చూసింది.

కళ్ళజోడాయనకు ఈ ఊరు కొత్తలా ఉంది. గోడ కనిపించగానే తనంతట తనే నెమ్మదించి, కూడలి ముందు ఆగి, అటూ ఇటూ చూశాడు. ఆమె ఒక్క అంగలో కారు దగ్గరికి వెళ్ళి అద్దం మీద కొట్టింది.

"సార్! సార్, ఇవాళ ఈ దారి వద్దు సార్! బోర్డులు లేవు!"

ఇన్‌స్పెక్టరు అద్దం దించకుండానే, పరీక్ష జరుగుతోంది, పక్కకు జరగమని చేత్తో సైగ చేశాడు. వెనకనుంచి ఫ్యాక్టరీ బస్సు హారను మోగించింది. ఆమె బస్సువైపు బోర్డు తిప్పి, ఆపి, మళ్ళీ ఇటు తిరిగేసరికి తెల్ల కారు కూడలి దాటి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

కూతురికి ఫోను చేసింది. స్విచాఫ్. పరీక్షకు ముందు ఫోన్లు తీసేసుకుంటారు. లైసెన్సు ఆఫీసుకు చేసింది. మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కులేదు. నిదానానికి మళ్ళీ చేసింది. ఈసారి ఎత్తాడు.

"స్టోరు తాళం సూపర్‌వైజరు దగ్గరుందక్కా. వస్తున్నాడు."

"నా కూతురొస్తోందిరా ఈ రోడ్డులో!" అని అరిచింది. అవతల అతనికేం అర్థమైందో ఏమో, "తాళం పగలగొడతా" అన్నాడు. నిదానం నోట అలాంటి మాట వినడం అదే మొదలు.

ఈలోగా ఇంకో సంగతి గమనించింది. ఎత్తునుంచి దిగే లారీలు ఇంతకుముందు కన్నా వేగంగా వస్తున్నాయి. ఒక డ్రైవరును ఆపి అడిగింది.

"ఏంటయ్యా ఆ వేగం? కూడలి ఉందని తెలీదా?"

"గేటు దగ్గర చెప్పారుగా, ఇవాళ్టినుంచి దారి మాదేనంట. బోర్డు కూడా తీసేశారుగా!" అని ఖాళీ స్తంభం చూపించాడు.

ఆ ఖాళీ స్తంభం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. ఎత్తుమీదనుంచి దారి మాదే అంటూ వీళ్ళు. వంతెనమీదనుంచి దారి మనదే అంటూ తన పిల్ల. ఇద్దరికీ ఆ మాట నేర్పింది తనే. ఒకళ్ళకు బోర్డు తీసి, ఇంకొకళ్ళకు నోటితో.

పదకొండుకు అయిదు నిమిషాలుండగా తెల్ల కారు వంతెన దిగడం కనిపించింది. అంత దూరంనుంచే డ్రైవరు సీట్లోని మనిషి కూర్చున్న తీరు పోల్చుకుంది. వీపు నిటారుగా, గడ్డం పైకెత్తి. తలెత్తుకుని వెళ్ళమని తనే చెప్పిందిగా. కారు మెత్తగా, ఒకే వేగంతో వస్తోంది. ఎక్కడా తగ్గడంలేదు. ఎంత చక్కగా నడుపుతోందో నా తల్లి అని, అంత భయంలోనూ ఒక్క క్షణం గర్వం వచ్చింది. మరుక్షణం ఎత్తుమీదనుంచి లారీ హారను వినిపించింది.

సబ్బుల పెట్టెలతో నిండిన లారీ. టోపీలు మూడింటినీ ఒక చక్రంతో పక్కకు కొట్టేసి దిగుతోంది. ఆమె ఎరుపు అటే తిప్పి ఉంది. డ్రైవరు బోర్డు చూశాడు. బ్రేకులు బుస్సుమన్నాయి. కానీ ఆ బరువు, ఆ వాలు. అది గోడదాకా వచ్చేలోపు ఆగదని ఇరవై రెండేళ్ళుగా రోడ్డుమీద నిలబడ్డ మనిషికి తెలిసిపోయింది.

ఆగగలిగేది కారు ఒక్కటే.

అయినా ఆమె చెయ్యి వెంటనే తిరగలేదు. ఇది దాచి చెప్పడంలో అర్థంలేదు. ఎరుపు పిల్లవైపు తిప్పితే ఆ కాగితం మీద మూడోసారీ రాస్తారు. సోమవారం గడిచిపోతుంది. లారీ ఆగుతుందేమో, ఒక్క అడుగు ముందే ఆగుతుందేమో, పిల్ల ఏమీ తెలియకుండా దాటిపోతుందేమో అని మనసు గుంజింది. అలా గుంజిన కాలం ఎంత? రెప్పపాటు. తరవాత ఎన్నో రాత్రులు ఆమెకు నిద్రపట్టనివ్వనిది ఆ రెప్పపాటే.

ఆమె గిరుక్కున తిరిగి, బోర్డు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, పాత రోడ్డుకు అడ్డంగా కారుకు ఎదురు పరుగెత్తింది. "ఆగు! ఆగవే!" అని అరుస్తూనే ఉంది.

టైర్లు కీచుమన్నాయి. కారు ముందుభాగం కిందికి కుంగి, ఆమె మోకాళ్ళకు జానెడు దూరంలో ఆగి, ఇంజను కొట్టుకుని చచ్చిపోయింది. ఆ వెనకే లారీ ఆమె వీపు వెనకనుంచి, గోడ చాటునుంచి దూసుకొచ్చి, కూడలి మధ్యలోంచి వెళ్ళిపోయింది. దాని గాలికి జాకెట్టు ఎగిరి ముఖానికి కొట్టుకుంది. అవతలివైపు చాలాదూరం పోయి ఆగింది.

ముందు కూతురే తలుపు తీసుకుని దిగింది. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. గోడ అడ్డంవల్ల ఆమెకు లారీ ఎటునుంచి వచ్చిందో ఇంకా సరిగ్గా అర్థమైనట్టు లేదు.

"ఏంటమ్మా ఇది? ఎందుకడ్డొచ్చావు? ఇక్కడ దారి మనదేగా! నువ్వే చెప్పావుగా!"

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా దిగాడు. ఆయన ముఖం కూడా కాగితంలా ఉంది. ఎత్తువైపు చూశాడు, లారీవైపు చూశాడు.

"నా కాలి దగ్గరున్న రెండో బ్రేకు నేనూ తొక్కాను. అమ్మాయి తొక్కిందో లేదో నాకు తెలీదు" అన్నాడు.

"నేనూ తొక్కాను సార్."

"తొక్కావేమో. నా కాలు పడితే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. రూలు." కూతురివైపు తిరిగి అడిగాడు. "గోడ పక్కనుంచి ఏమీ కనిపించకుండా ఆ వేగంతో వచ్చావు. దారి నీదని నీకు ఏ బోర్డు చెప్పింది?"

కూతురు తిరిగి రోడ్డుకు రెండు పక్కలా వెతికింది. బోర్డు లేని లావు పైపు. అంతే. తలెత్తి తల్లిని చూసింది.

"అమ్మ చెప్పింది" అంది.

ఆ రెండు మాటలు బోర్డులక్క గుండెలో గునపంలా దిగాయి. చేతిబోర్డు కిందపడేసి ఇన్‌స్పెక్టరు ముందుకొచ్చింది.

"తప్పు పిల్లది కాదు సార్. నాది. పోలీసు రాకముందే బోర్డులు తీసేశాను. అవి కొత్త పైపులకు పట్టలేదు. నేను తొందరపడ్డాను. అది రాసుకోండి. పిల్లకు ఇంకొక్క అవకాశం ఇప్పించండి."

ఇన్‌స్పెక్టరు ఆమెను జాలిగానే చూశాడు. కానీ తల అడ్డంగా ఊపాడు. "బోర్డు తీసింది మీ తప్పేనమ్మా. బోర్డు లేనిచోట ఎవరికీ దారి లేదు. ఇద్దరూ తగ్గాలి. ఇందాకొచ్చినాయన తగ్గాడు." కాగితం మీద ఏదో రాసి, తనే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కూతురు వెనకసీట్లో కూర్చుని తలుపు గట్టిగా వేసుకుంది. కారు వెళ్ళేటప్పుడు తల్లివైపు చూడలేదు.

మరో అయిదు నిమిషాలకు నిదానం వచ్చాడు, నిజంగానే తాళం పగలగొట్టి. పోలీసు కూడా అప్పుడే దిగాడు, ఇక చెయ్యడానికి ఏమీ మిగలని వేళకు. రెండు బోర్డులూ పాత రోడ్డుకు బిగించారు. ఆమె ప్రతి నట్టునూ స్పానరుతో రెండేసిసార్లు తిప్పి చూసింది. పని అయ్యాక వ్యాను మెట్టుమీద కూర్చుని, రిజిస్టరు తెరిచి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టింది. నిదానం తొంగిచూసి, "ఎవరికీ ఏం కాలేదుగా అక్కా, ఎందుకు రాయడం?" అన్నాడు.

"నిన్నన్న మాట కూడా రాశాను, చూసుకో" అంది. అతను చూసుకున్నాడు. సీసాలో ఉన్న నీళ్ళు ఆమె చేతికిచ్చాడు.

రిజిస్టరులోని ఆ రాత ఫలితంగా ఆమెను మూడు నెలలు స్టోరులో కూర్చోబెట్టారు. సోమవారం వచ్చి వెళ్ళింది. ల్యాబువాళ్ళు ఇంకెవరినో తీసుకున్నారు. ఇంట్లో కూతురు నాలుగురోజులు అడిగినదానికే జవాబిచ్చింది, అదీ పొడిపొడిగా. అయిదోరోజు వంటింట్లో పళ్ళాలు కడుగుతుంటే తల్లి ఉండబట్టలేక అంది.

"మళ్ళీ పరీక్షకు కట్టావా?"

"కట్టాను."

"ఈసారి సాయంత్రాలు స్కూటరు మీద..."

"వద్దమ్మా." కూతురు చేతిలోని పళ్ళెం పక్కన పెట్టింది. గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధనిపించింది. "ఈసారి నాకేం చెప్పకు. ఏ మలుపులో ఏముందో చెప్పకు. నేనే చూసుకుంటాను. నువ్వు చెబితే ఇక నేను చూడను. నాకు తెలిసిపోయింది."

బోర్డులక్క దగ్గర ఉన్న ఆస్తంతా అదే. ఇరవై రెండేళ్ళ ఊరు. అది వద్దంటోంది పిల్ల. వద్దనడం న్యాయమేనని కూడా తెలుస్తోంది. తల వంచుకుని మిగిలిన పళ్ళాలు తుడిచింది.

పది రోజుల తరవాత డ్రైవింగు స్కూలు కారులో వెనకసీట్లో కూర్చోవడానికి కూతురే ఒప్పుకుంది, ఒక్క షరతుమీద. నోరు విప్పకూడదు. ఆమె విప్పలేదు. ఆస్పత్రి మలుపు దాటారు, బస్టాండు దాటారు. ఎక్కడ ఏ బోర్డుందో, దాన్ని ఏ ఏడాది పెట్టిందో నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ తరవాత ఒక చిన్న నాలుగురోడ్ల కూడలి వచ్చింది. అక్కడ దారి వీళ్ళదే. అడ్డరోడ్డుకు బోర్డు ఉంది, ఆరు బోల్టులతో. కూతురు వేగం తగ్గించింది. వెనక ఎవడో హారను కొట్టాడు. పిల్ల అటు చూసింది, ఇటు చూసింది, మళ్ళీ అటు చూసింది. బోర్డులక్క మాత్రం బోర్డువైపు చూడలేదు. దారి ఖాళీగా ఉందని ఆ పిల్ల ముఖమే చెప్పేదాకా, ముందు అద్దంలో ఆ ముఖంవైపే చూస్తూ కూర్చుంది.